పద్నాలుగు సంతకాలు, ఒక గులాబీ కాగితం

మల్కాపురం,
విశాఖపట్నం

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమావయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్తయ్య మోకాలి నొప్పి కొంత తగ్గింది. నా చెవి మాత్రం ఇంకా మొండికేస్తూనే ఉంది కనుక ఫోను మానేసి కాగితం పట్టుకున్నాను.

నిన్న సాయంత్రం మీ అమ్మ వచ్చి నీ సంగతి చెప్పింది. మీ సంస్థలో నలభై వేల రూపాయల విడిభాగం ఒకటి కొనడానికి పద్నాలుగు సంతకాలు కావలసి వస్తున్నాయని, వాటిని నాలుగుకు కుదించమని నువ్వు నోటు రాస్తున్నావని, దాన్ని నేరుగా ఛైర్మన్‌కు పంపి విభాగాధిపతులందరికీ ప్రతులు పెట్టబోతున్నావని, ఒప్పుకోకపోతే ఇచ్చేయడానికి రాజీనామా పత్రం కూడా సొరుగులో సిద్ధంగా ఉంచావని చెప్పింది. ఆవిడ భయపడుతూ చెప్పింది, నేను గర్వపడుతూ విన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక నాకూ భయం పట్టుకుని రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను.

తేలిక సంగతులు ముందుగా ముగిస్తాను. నోటు ఒక్క పేజీ దాటకూడదు. అందులో ఏ అధికారి పేరూ, "నిర్లక్ష్యం" అనే మాటా కనిపించకూడదు. పైకి పంపే ముందు ఫైనాన్సు వాళ్ళకు చూపించు. వాళ్ళు దాన్ని మొదటిసారి ఛైర్మన్ గదిలో చూశారంటే అది తమ మీద ఫిర్యాదనే అనుకుంటారు. విభాగాలన్నిటికీ ప్రతులు పంపడం అంటావా, అది నిన్ను ఎన్నడూ చూడని మనుషులను కూడా ఒక్క పూటలో నీకు విరోధులను చేస్తుంది. ఇక రాజీనామా పత్రం నోటుకు జతపరిచే అనుబంధం కాదమ్మా, ఈ ఉత్తరం అందిన రోజునే తీసి చించెయ్యి. కోపం నీకు మీ తాతగారి నుంచి వచ్చింది, నాకూ అక్కడినుంచే వచ్చింది, దాని సంగతి నాకు చెప్పకు.

నోటు రాయబోయే ముందు ఒక్క ఫైలు వెంట నడిచి చూడు. 1993లో ఒక పంపు సీలు కోసం నేను పెట్టిన ఇండెంటు, అంటే కొనిపెట్టమన్న కోరిక పత్రం, దాని వెంట అలాగే నడిచాను. ఏ బల్ల మీదికి ఏ తేదీన వచ్చిందో, ఏ తేదీన కదిలిందో జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాను. మొత్తం డెబ్బై ఒక్క రోజులు పట్టింది. అన్ని రోజుల్లో ఆ ఫైలు మీద కలం ఆనిన సమయమంతా కలిపినా మూడు గంటలు లేదు. మిగిలిందంతా ట్రేలలో నిద్రే. మూడు చోట్ల "ప్లీజ్ డిస్కస్" అని రాసి వెనక్కి పంపారు. చర్చించడానికి వెళితే ఒకాయన, తాను ఎందుకలా రాశాడో తనకే గుర్తు లేక, ఫైలు రెండుసార్లు తిరగేసి, నాకు టీ ఇప్పించి, "అన్నీ చూసుకునే ఉంటారు కదా" అంటూ సంతకం పెట్టేశాడు. ఇప్పుడు మీకు ఆ పచ్చ నోటుషీట్లు లేవు, దారపు ట్యాగులు లేవు, అంతా ఈ-ఆఫీసే అంటావు. కాగితం పోయింది గాని వరుస పోలేదు కదా.

అలా నడిచేటప్పుడు మీ సంస్థ అధికారాల బదలాయింపు పట్టికను, అదే మీరు డీఓపీ అనేదాన్ని, చేతిలో ఉంచుకో. ఆ పద్నాలుగింటిలో పట్టిక అడిగేవి ఎన్నో, అలవాటుగా వచ్చి చేరినవి ఎన్నో సరిచూడు. నా ఇండెంటు మీద పడిన పన్నెండు సంతకాలలో ఐదే నిబంధనలో ఉన్నాయి. తక్కినవన్నీ ఎవరో ఎప్పుడో ఒకసారి "ఫలానావారి ద్వారా పంపండి" అని రాసినందుకు శాశ్వతమైపోయినవి. సింహాద్రి అప్పన్నకైనా అక్షయ తృతీయనాడు చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. మన ఫైళ్ళకు పూతలే గాని ఒలుపు లేదు. నిబంధనలో లేని సంతకాన్ని తీసేయడానికి నీకు ఛైర్మన్ అక్కరలేదు, మీ జనరల్ మేనేజరు చాలు. సగం పని నోటు లేకుండానే అయిపోతుంది.

అయితే ఆ పూతలు పూసినవాళ్ళంతా సోమరులనీ, అధికారం చలాయించడం తప్ప ఏమీ తెలియనివాళ్ళనీ నువ్వు అనుకుంటున్నావు. ఈ విషయంలో నిన్ను కొంచెం కోప్పడక తప్పదు. అవినీతి నిరోధం కోసం వేసిన సంతానం కమిటీ సిఫారసు మీద 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడిన నాటినుంచి ప్రభుత్వ రంగంలో పనిచేసిన ప్రతివాడూ భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూనే సంతకం పెట్టాడు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో, ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా లాభం కలిగేలా నిర్ణయం తీసుకుంటే, పైసా లంచం తీసుకున్నట్టు రుజువు కాకపోయినా నేరంగా పరిగణించే నిబంధన ఒకటి ఉండేది. దాన్ని తొలగించింది 2018లో, నేను రిటైరైన ఎనిమిదేళ్ళకు. డెబ్బై ఒక్క రోజులు ఫైలు ఆపినవాణ్ణి ఎవరూ సంజాయిషీ అడగరు, ఏడు రోజుల్లో కొని తెచ్చినవాణ్ణి మాత్రం ఏడేళ్ళ తరవాత పిలిచి అడుగుతారు. అటువంటప్పుడు తన ముందు ఇద్దరి సంతకాలు, తన వెనక ఇద్దరి సంతకాలు ఉంటే బాగుండునని ఎవరికి అనిపించదు?

నాకూ అనిపించింది. నువ్వు ఏరిపారేయాలనుకుంటున్నటువంటి సంతకం ఒకటి నేనే పుట్టించాను. ఈ సంగతి మీ అమ్మకు తెలియదు, మీ అత్తయ్యకు సగమే తెలుసు.

1988లో మా స్టోర్సు తనిఖీలో ఆరు బేరింగులు తక్కువ తేలాయి. విలువ నాలుగు వేల చిల్లర. నా సెక్షను పేరున ఇష్యూ అయినట్టు రాసి ఉంది గాని ఎక్కడ బిగించామో రాత లేదు. పెద్దాయన గదిలో అందరి ముందు నన్ను నిలబెట్టి, "ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేశావయ్యా, స్కూటరుకు వేసుకున్నావా?" అని అడిగాడు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. రెండో షిఫ్టువాళ్ళు వాటిని వేరే కన్వేయరుకు వాడి కార్డులో రాయడం మరిచిపోయారని పది రోజుల తరవాత తేలింది. రిజిస్టరులో ఒక్క గీత అదనంగా గీస్తే సరిపోయే పొరపాటు అది. కాని నా మనసంతా ఆ నవ్వు మీదే ఉంది. ఆ రాత్రి భోజనాల బల్ల మీద స్కేలు పెట్టి ఒక ఫారం గీశాను. ఐదు వందలు దాటిన ఏ విడిభాగమైనా స్టోర్సు గడప దాటాలంటే సెక్షను ఇన్‌చార్జి సంతకంతోపాటు ప్లానింగు విభాగం సంతకం కూడా ఉండాలని పెట్టాను. మూడు ప్రతులు: తెల్లది స్టోర్సుకు, గులాబీది ప్లానింగుకు, పసుపుది మాకు. నన్ను ఎగతాళి చేసిన పెద్దాయనే "మంచి కంట్రోలు" అని మెచ్చుకున్నాడు. ఆరు నెలల్లో అది అన్ని విభాగాలకూ పాకింది. ఫారం అడుగున ఎడమ మూల నా పొట్టి సంతకం అచ్చయింది, దాన్ని చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

1996 ఆగస్టులో ఒక రాత్రి షిఫ్టు. ఎడతెగని వాన. రెండుంబావుకు కన్వేయరు హెడ్ పుల్లీ బేరింగు పట్టేసింది. కొత్త బేరింగు రెండు వందల మీటర్ల దూరంలో, స్టోర్సులో, మైనం కాగితం చుట్టి అరలో ఉంది. ఇనుప జాలీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. స్టోర్‌కీపరు విజయనగరం వైపు మనిషి, రూలు తప్పడు. "ప్లానింగు సంతకం లేదండి" అన్నాడు. అర్ధరాత్రి ప్లానింగు ఎక్కడినుంచి వస్తుందని నేను అరిచాను. ఆయన అరవలేదు. ఫారాన్ని నా వైపు తిప్పి, అడుగున ఎడమ మూల వేలు ఆనించి, "ఈ కాయితం తమరే ఎట్టినారు కదండీ" అన్నాడు. వెనక గట్టు మీద మా ఫిట్టరు బేరింగ్ పుల్లరును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతను నా వంక చూడకుండా వానను చూస్తున్నాడు. అత్యవసరమైతే రాసిచ్చి తీసుకుని తరవాత ఆమోదం పొందే వీలు ఆ ఫారంలో లేదు, ఎందుకంటే గీసిన రోజున నాకు అది తోచలేదు. స్కూటరు మీద తడుస్తూ గోపాలపట్నం వెళ్ళి, ప్లానింగు అధికారిని నిద్ర లేపి, లుంగీతో వరండాలోకి వచ్చిన ఆయన చేత సంతకం పెట్టించుకుని తిరిగి వచ్చేసరికి ఐదున్నర. కాగితం తడిసి సిరా పాకిపోయింది. స్టోర్‌కీపరు దాన్ని దీపం కింద పెట్టి కాసేపు చూసి, "అదేనండి" అంటూ తాళం తీశాడు. బేరింగు చేతికి రావడానికే మూడుంబావు గంటలు పట్టింది.

ఆ నెలలోనే ఫారాన్ని రద్దు చేయమని నోటు పెట్టాను. పుట్టినప్పుడు ఒక్క పెద్దాయన మెప్పుతో పుట్టినదాన్ని పోగొట్టడానికి తొమ్మిది విభాగాల ఒప్పుకోలు కావలసి వచ్చింది. ప్లానింగు వాళ్ళు ససేమిరా అన్నారు. గులాబీ ప్రతులను ఫైలు చేయడానికి అప్పటికే ఇద్దరు గుమస్తాల పోస్టులు మంజూరై ఉన్నాయి; ఫారం పోతే అవీ పోతాయి. ఆ ఇద్దరిలో ఒకతని కూతురి పెళ్ళికి నేనే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాను. ఇంక ఏమని వాదించను? 2010లో నేను రిటైరైన నాటికి నా నోటు ట్రేలోనే ఉంది. ఈమధ్య ఒక కుర్రాడు కనిపిస్తే అడిగాను. ఆ ఫారం ఇప్పుడు కంప్యూటర్లో ఉందట, ప్రింటు తీస్తే మూడు ప్రతులు వస్తాయట, వాటి మీద తెలుపు, గులాబీ, పసుపు అని అచ్చవుతుందట. కాగితాలు మాత్రం మూడూ తెల్లవే.

మనం నౌకాదళం ఊరివాళ్ళం కనుక నీకొక లెక్క చెబుతాను. పార్కిన్సన్ అనే బ్రిటిష్ నౌకాచరిత్రకారుడు 1955లో దీన్ని బయటపెట్టాడు. 1914లో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద యుద్ధనౌకలు 62 ఉంటే 1928 నాటికి 20 మిగిలాయి. అదే కాలంలో వాళ్ళ ప్రధాన కార్యాలయంలోని అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. వాళ్ళెవరూ పనిలేక కూర్చున్నారని నేననుకోను. మా గుమస్తాలిద్దరూ సాయంత్రానికి నిజంగానే అలసిపోయేవారు. అందువల్ల ఏ సంతకాన్ని తీసేయమంటున్నావో రాసిన ప్రతిచోటా, ఆ సంతకం మీద బతుకుతున్న మనిషికి ఏ పని అప్పగించాలో కూడా పక్కనే రాయి. అది రాయని నోటును ఎవరూ ఎదిరించరు; నా నోటులాగ ట్రేలో పెట్టి ఊరుకుంటారు. అత్యవసరమైతే ముందు తీసుకుని మూడు రోజుల్లో ఆమోదం పొందే వీలును మరిచిపోకు. ఇకమీదట పుట్టే ప్రతి ఫారానికీ రెండేళ్ళ గడువు పెట్టమని అడుగు. కావాలన్నవాడే వచ్చి పొడిగించమని అడగాలి.

ఇప్పుడు నన్ను రాత్రి నిద్ర లేపిన అసలు భయం చెబుతాను. 1997 సెప్టెంబరు 14, ఆదివారం. నువ్వు అప్పుడు రెండేళ్ళ పిల్లవు, మీ అమ్మతో మా ఇంట్లో ఉన్నావు. పొద్దున్నే రిఫైనరీ వైపు నుంచి ఆ పేలుడు చప్పుడు వచ్చి కిటికీ అద్దాలు రాలిపోతే, నిన్ను తువాలులో చుట్టి భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం వైపు గ్యాస్ లీకై జనం ఎలా పడిపోయారో నువ్వే చూశావు. ఆ రెండు రోజుల కారణాలను తేల్చేవాణ్ణి నేను కాను. కాని పద్నాలుగును నాలుగు చేయాలన్న ఊపులో నీ చెయ్యి ప్రమాదకరమైన పనులకు ఇచ్చే భద్రతా పర్మిట్ల మీదికి పోకూడదు. కరెంటు షట్‌డౌన్, ట్యాంకులోకి దిగడం, వెల్డింగు, వీటి సంతకాలు కూడా ఆలస్యంలాగే కనిపిస్తాయి. అయితే ఆ సంతకం పెట్టేవాడు బ్రేకరు దాకా నడిచి వెళ్ళి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి పెడతాడు. నువ్వు తీసేయవలసింది వస్తువును చూడకుండా, పైనున్న సంతకాన్ని చూసి పెట్టే సంతకాన్ని. ఆరేళ్ళప్పుడు నా రబ్బరు ముద్ర ఎత్తుకుపోయి నీ లెక్కల పుస్తకం నిండా "పరిశీలించడమైనది" అని గుద్దుకున్నావు, గుర్తుందా? సగం లెక్కలు తప్పు. ముద్ర మాత్రం ప్రతి పేజీలోనూ తిన్నగా పడింది. ఆ రెండు రకాల సంతకాలనూ ఒకే పట్టికలో లెక్కపెట్టనని, పర్మిట్ల గురించి నీ నోటులో ఒక్క అక్షరం కూడా ఉండదని నాకు మాట ఇవ్వాలి. మిగిలిన సలహాలు వింటే విను, లేకపోతే మానెయ్యి.

ఆదివారం చిత్తుప్రతి పట్టుకుని రా, పెన్సిలుతో కూర్చుందాం. పనసపొట్టు దొరికితే ఆవ పెట్టి కూర చేస్తానంటోంది మీ అత్తయ్య. ఆ పాత ఫారం గులాబీ ప్రతి ఒకటి నా ఇనప్పెట్టెలో ఉంది, రంగు వెలిసిపోయింది గాని అక్షరాలు చదవడానికి వస్తాయి. సంతకాలు ఎలా పుడతాయో చూపించడానికి నీ నోటుకు జతపరచాలనుకుంటే తీసుకుపో. సంస్థ పేరు కనిపించకుండా పైభాగం మడిచి కాపీ తీయించు. అడుగున ఎడమ మూలను మాత్రం మడవకు.

ఇట్లు,
మీ పెద్దమావయ్య