ట్రే లాగే ముందు

అమ్మలూ,

శనివారం రాత్రి సర్వర్‌లో పాత క్యాష్‌కేడ్, అదే హార్డ్ డిస్కుల ముందు వేగం కోసం ఎస్‌ఎస్‌డీలని క్యాష్‌గా పెట్టే ఏర్పాటు, తీసేసి కొత్త ఎస్‌ఎస్‌డీలు పెట్టే పని నీకే అప్పగించారట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ గొంతులో మురిపెం దాగలేదు. నేనూ ఒక గంట మురిసిపోయాను. తరువాత టెన్షన్ పట్టుకుంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బ్యాకప్ తీసి, ఒక ఫైలైనా వెనక్కి తెచ్చి చూసుకో. డిస్కుల్ని నడిపే కంట్రోలర్ కార్డు బ్యాటరీ బాగుందో లేదో చూడు. క్యాష్‌కేడ్ 512 జీబీకి మించి వాడుకోదు, పెద్ద డిస్కులు కొనిపించి మాట పడకు. రైట్ బ్యాక్ పెడితే, అంటే రాతలు ముందు ఎస్‌ఎస్‌డీలో పడేట్టు చేస్తే, రెండు ఎస్‌ఎస్‌డీలు, ఒకదానికొకటి నకలుగా ఉండే రెయిడ్ 1లో.

ఇక నా సంగతి. మొదట్లో క్యాష్‌కేడ్ చదవడానికే. ఎస్‌ఎస్‌డీలో ఉన్నది హార్డ్ డిస్కుల్లో ఉన్నదానికి నకలు, పీకేసినా నష్టం లేదు. క్యాష్‌కేడ్ ప్రో 2.0 వచ్చాక రాతలు కూడా ముందు ఎస్‌ఎస్‌డీలో పడి, నెమ్మదిగా కిందికి దిగడం మొదలైంది. ఆ రైట్ బ్యాక్ పెట్టింది నేనే. బుర్రలో మాత్రం పాత లెక్కే: క్యాషే కదా!

2013లో ఒక ఆదివారం ఇంకో సర్వర్‌కి ఎస్‌ఎస్‌డీలు కావాల్సి వచ్చాయి. రైట్ బ్యాక్ పెట్టిన సర్వర్‌ని పద్ధతిగానే షట్‌డౌన్ చేసి ఎస్‌ఎస్‌డీలున్న రెండు ట్రేలూ లాగేశాను. అక్కడ పెడితే కంట్రోలర్, ఫారిన్ కాన్ఫిగరేషన్, అంటే వేరే సర్వర్ సెట్టింగు, ఉంది, ఇంపోర్ట్ చెయ్యాలా, క్లియర్ చెయ్యాలా అని అడిగింది. చేతిలో టీ గ్లాసు. అది కింద పెట్టకుండానే ఎడమ చేత్తో క్లియర్ కొట్టాను. వెనక్కొచ్చి పాత సర్వర్ ఆన్ చేస్తే వర్చువల్ డిస్కు, అంటే హార్డ్ డిస్కులన్నీ కలిసి ఒకటిగా కనిపించేది, పైకి రాలేదు. దిగాల్సిన రాతలు ఇంకా ఆ ఎస్‌ఎస్‌డీల్లోనే ఉన్నాయని అప్పుడు వెలిగింది. ఉన్నాయి కాదు, ఉండేవి.

శుక్రవారం బ్యాకప్ ఉంది కాబట్టి ఉద్యోగం మిగిలింది. శనివారం బిల్లులు పోయాయి. అకౌంట్స్‌లో ఒక పెద్దాయన, రిటైర్మెంట్‌కి ఆరు నెలలుందేమో, కార్బన్ కాపీలు తిప్పుతూ రెండు వేళ్ళతో అన్నీ మళ్ళీ ఎక్కించాడు. నన్నొక్క మాట అనలేదు. "ఇది ఏడా, ఒకటా, చూడు బాబూ" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

అందుకని ముందు రైట్ త్రూకి, రాతలు నేరుగా హార్డ్ డిస్కులకు చేరే పద్ధతికి, మార్చు. తరువాత ఏయే వర్చువల్ డిస్కులకు ఆ క్యాష్ ఉందో చూసి విడదీసి, కంట్రోలర్‌కి ఆదేశాలిచ్చే స్టోర్‌సీఎల్‌ఐలో ఆ క్యాష్‌ని డిలీట్ చేసి, అది జాబితాలోంచి పోయిందని కళ్ళారా చూడు. ఇవన్నీ అయ్యేదాకా ట్రే మీద చెయ్యి వేశావో, మీ నాన్నకి కాదు, నాకు జవాబు చెప్పాలి! మీ మేనేజర్ "త్వరగా కానివ్వు" అంటే అననీ.

అన్నం తినకుండా వెళ్ళకు, సర్వర్ రూంలో చలి, శాలువా తీసుకెళ్ళు. లాగేముందు లొకేట్ పెట్టి, లైటు మెరిసే స్లాట్ నంబర్ నాకు ఫోన్‌లో చదివి వినిపించు. రెండైనా మూడైనా మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న