ముందు 450 దరఖాస్తులు, ఆ తర్వాతే బిల్లు

చి. అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. అకొటింక్ క్రీక్ అనే వాగులో చెత్త తీసే మీ సంఘం పేరు మీద వర్జీనియాలో ప్రత్యేక నంబరు ప్లేటు తేవాలనుకుంటున్నామని, అందుకోసం వచ్చే వారమే మీ డెలిగేట్‌ను, అంటే మీ ప్రాంతం నుంచి ఎన్నికైన రాష్ట్ర దిగువసభ సభ్యుణ్ని, కలుస్తున్నామని రాశావు. ఆలోచన నాకు చాలా నచ్చింది. కలవడం మాత్రం కొన్నాళ్లు ఆపు. ఈ పనిలో చట్టం తేలిక, జనాన్ని కూడగట్టడం కష్టం. డబ్బు కట్టి దరఖాస్తు మీద సంతకం పెట్టే కారు ఓనర్లు కనీసం 450 మంది ఉంటేనే రాష్ట్రం ప్లేటు ఇస్తుంది, వాళ్లున్నారని తేలాకే మిగతాదంతా.

మన ఊళ్లో చెబితే ఆర్టీఏ ఫ్యాన్సీ నంబరు వేలం లాంటిదే అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. వేలంలో ఒకరు ఒక నంబరు కొనుక్కుంటారు, డబ్బు ప్రభుత్వానికి పోతుంది. ఇక్కడ శాసనసభ ఒక సంఘానికో, ఒక మంచి పనికో మద్దతిచ్చేవాళ్ల కోసం ప్లేటు ఇవ్వమని చట్టం చేస్తుంది. ఆ ప్లేటు తీసుకున్నవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్ ఫీజు కాక ఏటా కొంత అదనంగా కడతారు. ఆ అదనంలో ఒక వాటా ఆ పనికి చేరుతుంది.

వర్జీనియాలో ఇవి రెండు రకాలు. ఒకదానికి ఏటా 10 డాలర్లు అదనం, అందులో సంఘానికి ఏమీ రాదు. రెండోదానికి 25 డాలర్లు. అందులోనూ మొదటి 1,000 రిజిస్ట్రేషన్ల డబ్బు మొత్తం రాష్ట్రానికే. ఆ పైన వచ్చే ప్రతి 25లో 15 మీవి. అంటే 1,200 దాకా వెళితే మీకొచ్చేది పైనున్న 200కు 3,000 డాలర్లు. 450 మంది దొరికితే ప్లేటు వస్తుంది కానీ డబ్బు రాదు. ఈ లెక్క మీ కార్యవర్గం ముందు మొదటి రోజే పెట్టు. ప్లేటు వస్తే చాలు, వాగు పేరు రోడ్ల మీద తిరుగుతుంది అనుకుంటే 10 డాలర్ల రకమే మేలు, జనం తేలిగ్గా ముందుకొస్తారు. డబ్బు కావాలంటే 1,000 దాటించే ఓపిక ఉందా అని నిజాయితీగా చూసుకోండి.

ఇక దరఖాస్తులు. 450 కావాలంటే కనీసం 550 చేయించు. ఎందుకంటే రాలిపోయేవి తప్పకుండా ఉంటాయి. వర్జీనియాలో రిజిస్టరైన కారే లెక్కలోకి వస్తుంది. పొటోమాక్ దాటి మేరీల్యాండ్‌లో ఉండే స్నేహితులు ఎంత ప్రేమగా సంతకం పెట్టినా పనికిరాదు. మనవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ప్రాజెక్టు మారి డాలస్‌కో షార్లెట్‌కో వెళ్లిపోతారు. వాళ్ల దరఖాస్తు కూడా పోయినట్టే. కాబట్టి తెలుగు సంఘం దీపావళి ఫంక్షన్‌లో టేబుల్ వేసి వంద సంతకాలు రాగానే పొంగిపోకు. వాగు గట్టున ఇరవై ఏళ్లుగా ఇల్లు కట్టుకుని ఉంటున్న ఇరుగుపొరుగు వాళ్ల దరఖాస్తులే నిలుస్తాయి.

తిరిగొచ్చే దరఖాస్తుల్లో చూడు, తప్పులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. కారు భార్య పేరున ఉంటే భర్త సంతకం పెడతాడు. రిజిస్ట్రేషన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే దరఖాస్తులో ఒక్క అక్షరం రాస్తారు. మనవాళ్ల పొడవాటి పేర్లతో ఈ బాధ ఎక్కువ. లీజు కారైతే టైటిల్, అంటే యాజమాన్య పత్రం, లీజు కంపెనీ పేరున ఉంటుంది, అలాంటివి విడిగా పెట్టి డీఎంవీని, అంటే రాష్ట్ర మోటారు వాహనాల శాఖను, అడిగి తేల్చుకో. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు వచ్చేది కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరులో. అది 17 అక్షరాలు, అంకెల వరస. అందులో ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఎప్పుడూ ఉండవు. ఎవరైనా ఓ అని రాశారంటే అది సున్నా, ఐ అని రాశారంటే ఒకటి. టేబుల్ దగ్గర కూర్చునే వాలంటీరుకు ఈ ఒక్క ముక్క చెప్పి, "కారు డాష్‌బోర్డులోంచి రిజిస్ట్రేషన్ కార్డు తెచ్చుకోండి, చూసి రాద్దాం" అనమను. జ్ఞాపకం మీద రాసిన దరఖాస్తు ఒక్కటి కూడా తీసుకోవద్దు.

డబ్బు సంగతి ఇంకా జాగ్రత్త. అది ప్లేటు ఫీజు, చివరికి డీఎంవీకి చేరాల్సింది, సంఘం విరాళం కాదు. సంఘం ఖాతాలో కలిపారంటే ఏడాది తర్వాత ఎవరిది ఎంతో తేల్చలేరు. ప్రతి దరఖాస్తుకూ వరస నంబరు, రసీదు, ఒక పట్టికలో వివరాలు పెట్టు. 450 అందకపోతే ఎవరి డబ్బు వాళ్లకు తిరిగిస్తామని రసీదు మీదే రాయించు. మొదలుపెట్టే ముందు ఇప్పుడు చెల్లే ఫారం ఏదో, చెక్కు ఎవరి పేరున రాయాలో డీఎంవీ ప్రత్యేక ప్లేట్ల విభాగాన్ని అడిగి, రాతపూర్వకంగా తెప్పించుకో. పాత ఫారం వందలకొద్దీ జిరాక్స్ తీయించి నింపించాక మారిందని తెలిస్తే ఆ జనాన్ని మళ్లీ కూడగట్టడం నీ తరం కాదు.

ఎండాకాలమంతా ఈ పని చేసి, శరదృతువులో డెలిగేట్ దగ్గరికో సెనేటర్ దగ్గరికో వెళ్లు. బిల్లు పెట్టేవాళ్లను అక్కడ పేట్రన్ అంటారు. సభ జనవరి రెండో బుధవారం మొదలవుతుంది. సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో 30 రోజులు, ఆ 30ని పొడిగించుకోవడం మామూలే. ఆ హడావిడిలో కొత్త విషయం వినే తీరిక ఎవరికీ ఉండదు, అందుకే బిల్లు ముసాయిదా సభకు ముందే తయారవ్వాలి. రవాణా కమిటీలో, దాని సబ్‌కమిటీలో మాట్లాడటానికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. మీకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "చెసపీక్ అఖాతానికి ఇప్పటికే ప్లేటు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" నీలం పీత బొమ్మతో 1992 నుంచి ఉన్న ఆ ప్లేటు సంగతి ప్రతి సభ్యుడికీ తెలుసు. మీ వాగు నీళ్లు పొటోమాక్‌లో కలిసి చివరికి వెళ్లేదీ ఆ అఖాతంలోకే. కాబట్టి దానికి పోటీ అన్నట్టు మాట్లాడకండి. ఆ డబ్బు చేరని ఏ పని మీరు చేస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి.

ముసాయిదా రాసేది శాసన సేవల విభాగం లాయర్లు, కానీ మాటలు మీరే చూసుకోవాలి. మూడు చోట్ల కన్నేసి ఉంచు. ఒకటి, ప్లేటు "సభ్యులకు" అని ఉందా "మద్దతుదారులకు" అని ఉందా? సభ్యులకు అంటే ప్రతి ఒక్కరూ సభ్యత్వం రుజువు చేసుకోవాలి, అమ్మకం అక్కడే ఆగిపోతుంది. మద్దతుదారులకు అని పెట్టించు. రెండు, ప్లేటు మీద రాసే నినాదం. అది చట్టంలోకి ఎక్కిందంటే ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ బిల్లు కావాలి, అందుకే పొట్టిగా, ఎప్పటికీ పాతబడనిది ఎంచుకోండి. మూడు, డబ్బు దేనికి వాడాలో చెప్పే వాక్యం. ఇలాంటి బిల్లుల్లో సాధారణంగా "వర్జీనియాలో చేసే కార్యక్రమాలకు" అనే ఉంటుంది. మీ సంఘంలో కొందరు సొంతూళ్లలో చెరువు పూడికకు కూడా పంపుదాం అంటున్నారని రాశావు. ఈ డబ్బుతో అది కుదరదు. దానికి వేరే విరాళాలు, వేరే ఖాతా పెట్టుకోండి.

మీది 501(సి)(3) సంఘం, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, కాబట్టి ఇంకో ముక్క. బిల్లుకు మద్దతు అడగడం లాబీయింగ్ కిందికి వస్తుంది. అది నేరం కాదు, హద్దు ఉంది అంతే. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫారం 5768 ఒక్కటి పంపి 501(హెచ్) పద్ధతి ఎంచుకుంటే ఆ హద్దు అంకెల్లో ఉంటుంది: సంఘం ఏడాది ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్ల మీద 20 శాతం. మీ ఖర్చు 80,000 అయితే 16,000 డాలర్ల దాకా పెట్టొచ్చు. అందులో జనాన్ని "మీ సెనేటర్‌కు రాయండి" అని కదిలించే ఖర్చు నాలుగో వంతు, అంటే 4,000 మించకూడదు. వాలంటీర్లు జీతం లేకుండా వెచ్చించిన సమయం ఈ లెక్కలోకి రాదు. గుళ్లకు, చర్చిలకు ఈ వెసులుబాటు లేదు, కాబట్టి గుడి కమిటీని సహ నిర్వాహకులుగా పెట్టకండి. గుడి హాల్లో టేబుల్ వేసుకోవచ్చు గానీ, పేట్రన్ ఎన్నికల ప్రచారానికి మాత్రం సంఘం పేరు ఎక్కడా వాడనివ్వొద్దు. అది పూర్తిగా నిషిద్ధం.

బిల్లు ఓడిపోతే కోర్టుకు వెళదామని మీవాళ్లెవరైనా అంటే ఆపు. 2015లో సుప్రీంకోర్టు టెక్సస్ కేసులో 5–4 తేడాతో, ప్రత్యేక ప్లేటు మీద ఉన్న మాట ప్రభుత్వం మాట అని తేల్చింది. అమెరికా అంతర్యుద్ధం నాటి దక్షిణాది రాష్ట్రాల యుద్ధ జెండాతో ప్లేటు కావాలని ఒక సంఘం వేసిన కేసు అది. ఆ తీర్పు వచ్చిన కొన్ని రోజులకే వర్జీనియా గవర్నర్ ఇక్కడున్న అలాంటి ప్లేటును తీసేయడానికి పూనుకున్నారు. కాబట్టి రాష్ట్రం తన నోటితో చెప్పడానికి ఇష్టపడే మాటే మీ ప్లేటు మీద ఉండాలి. వాగు శుభ్రంగా ఉండాలనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఫలానా కంపెనీ కలుషితం చేస్తోందని మాత్రం అక్కడ రాయనివ్వరు.

కాలిఫోర్నియా స్నేహితురాలు తనూ చేస్తానంటోందన్నావు. అక్కడి దారి వేరు. 2006లో మార్చిన చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ సంస్థే ముందుండాలి, ప్రైవేటు సంఘం నేరుగా రాలేదు, పైగా 7,500 దరఖాస్తులు కావాలి. ఫ్లోరిడాలో ముందస్తు వోచర్లు 3,000 అమ్మాలి, అందుకు 24 నెలలు గడువు. వర్జీనియా 450 నిజంగా వరం.

డిజైన్ చివర చూసుకుందాంలే అనుకోకు. ప్లేటు 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు. ఎడమ పక్క బొమ్మ పోగా మిగిలిన చోట నంబరు పట్టాలి, కింది రెండు మూలల్లో నెల, సంవత్సరం స్టిక్కర్లు అంటిస్తారు. ఆర్టిస్టు గీసిన వాగు, కొంగ, చెట్లు, మధ్యలో సూర్యుడు అంతా అక్కడ పట్టవు. పట్టించినా రాత్రిపూట పోలీసు కెమెరాకు నంబరు కనబడకపోతే డీఎంవీ వెనక్కి పంపుతుంది. లేత రంగు మీద ముదురు అక్షరాలు, ఒక్కటే బొమ్మ చాలు. నినాదం కింది అంచుకు ఆనించి పెట్టకండి, కారు డీలర్లు బిగించే ఫ్రేమ్ సరిగ్గా ఆ గీతనే కప్పేస్తుంది. డిజైన్‌ను కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, ఫ్రేమ్‌తో సహా కారు వెనక అంటించి, సాయంత్రం వేళ 50 అడుగుల దూరం నుంచి చూడండి. వర్జీనియాలో ముందూ వెనకా రెండు ప్లేట్లు పెట్టాలి, ముందు బంపరు మీద కూడా అంటించి చూడు. ఆ ఫోటోలు నాకు పంపు, కమిటీకి చూపించే ముందు ఒకసారి చూస్తాను.

ఉంటాను,
పెదనాన్న