చిత్తూరులో ఇద్దరు కలిసి పచ్చళ్ల వ్యాపారం: ఇల్లు, పేరు చేజారకుండా ఏం చేయాలి

చిత్తూరులో ఇద్దరు స్నేహితులు నోటిమాట మీద మామిడి పచ్చళ్లు చేసి వేలూరు అంగళ్లకు వేస్తున్నామని, నష్టమొస్తే ఇళ్ల మీదికి రాకుండా, పేరు ఇంకొకరు వాడకుండా ఏం చేయాలని అడిగారు.

ముందుగా ఒక మాట. కలిసి వ్యాపారం నడిపి లాభం పంచుకుంటున్నారంటే కాగితం లేకపోయినా చట్టం లెక్కలో మీది భాగస్వామ్యమే. వ్యాపారం కోసం ఒకరు చేసిన బాకీ మొత్తాన్ని రెండో వారి ఆస్తి నుంచి కూడా రాబట్టుకోవచ్చు. పైగా రిజిస్టరు కాని ఫర్మ్, డబ్బు ఎగ్గొట్టిన అంగడి మీద దావా వేయడానికి వీల్లేదు. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అదే చెబుతుంది.

మీకు ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం, అంటే వ్యాపారం బాకీలు సొంత ఆస్తి మీదికి రాని సంస్థ) సరిపోతుంది. ప్రైవేట్ లిమిటెడ్‌కు అమ్మకం ఎంతైనా ఏటా ఆడిట్ తప్పదు. ఎల్‌ఎల్‌పీకి అమ్మకాలు 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితేనే. దరఖాస్తుకు ఇద్దరి డిజిటల్ సంతకాలు, రెండు నెలల లోపు కరెంటు బిల్లు, స్థలం యజమాని అంగీకార పత్రం కావాలి. వ్యాపారం సున్నా అయినా ఏటా మే 30లోగా ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30లోగా ఫారం 8 (లెక్కల పత్రం) వేయాల్సిందే.

మీ ఇద్దరి మధ్య అసలు రక్షణ ఎల్‌ఎల్‌పీ ఒప్పంద పత్రంలో ఉంది. రిజిస్టరైన 30 రోజుల్లో ఫారం 3తో దాన్ని దాఖలు చేయాలి. ఒకరు ఎనిమిది లక్షలు, ఒకరు రెండు లక్షలు పెట్టినా, పత్రంలో వాటా రాయకపోతే లాభం చెరిసగం. రోజంతా పొయ్యి దగ్గర నిలబడ్డవారికి జీతం కూడా రాదు. అందుకే వాటా, జీతం, ఎంత మొత్తం దాటితే చెక్కుకు రెండు సంతకాలు, ఒకరు తప్పుకుంటే వాటాకు వెల కట్టే పద్ధతి స్పష్టంగా రాసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలో ఈ చివరిది చాలాసార్లు ఉండదు, తగవులొచ్చేది అక్కడే.

ఎల్‌ఎల్‌పీ పెట్టకముందు చేసిన బాకీలకు, ఇంటికి దొరికే రక్షణ వర్తించదు. బ్యాంకు లోనుకు సొంత హామీ సంతకం పెడితే ఆ మేరకు ఇల్లు మళ్లీ బాధ్యతలోకి వస్తుంది. ఆ కాగితం చదవకుండా సంతకం చేయకండి.

కంపెనీ పేరు రిజిస్టరైతే బ్రాండు మీది అయిపోదు. బ్రాండు పేరును మీదిగా చేసే ట్రేడ్‌మార్కు నమోదు వేరు, అందులో సరుకుల తరగతుల్లో పచ్చళ్లు 29వ తరగతి. ముందు ఎల్‌ఎల్‌పీ పేరిట ఉద్యం (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, అది ఉచితం. ఆ పత్రం జతచేస్తే ట్రేడ్‌మార్కు ఆన్‌లైన్ ఫీజు 9,000కు బదులు 4,500. దరఖాస్తు ఎల్‌ఎల్‌పీ పేరిటే వేయాలి. ఒకరి సొంత పేరిట వేస్తే విడిపోయిన రోజు బ్రాండు వారితోనే పోతుంది. ‘చిత్తూరు మామిడి’ లాంటి ఊరి పేరు, సరుకు పేరుకు అభ్యంతరం వస్తుంది. దేవుడి పేరు ఇక్కడ వీధికొకరు వాడతారు, దాన్ని మీ ఒక్కరిదిగా నిలబెట్టుకోవడం కష్టం. కొత్త మాట ఎంచుకోండి. రిజిస్టరు కాకముందు సీసా మీద వృత్తంలో ఆర్ గుర్తు వేయడం చట్టవిరుద్ధం, జరిమానా పడుతుంది. టీఎం అని వేసుకోవచ్చు.

జీఎస్టీని మాత్రం వాయిదా వేయకండి. ఆంధ్రాలోపల అమ్మే సరుకుకు ఏటా 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, వేలూరు వేరే రాష్ట్రం. సరిహద్దు దాటిన మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి.

ఉద్యం ఉన్న తయారీదారుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. సరుకు వేసేనాటికే నమోదు ఉండటం మేలు, ఉద్యం నంబరును ప్రతి బిల్లు మీదా ముద్రించండి.