స్టీరియో మైక్రోస్కోపులో వరి వేరు: కణాలు ఎందుకు కనపడట్లేదు?

ప్రశ్న: సార్ నమస్తే, మాది పాలకొల్లు దగ్గరండి, బీఎస్సీ బోటనీ ఫైనలియర్ చదువుతున్నాను. నీళ్లు నిలిచిన చేలో స్వర్ణ వరి వేళ్లు ఎలా మారతాయో చూడటం మా ప్రాజెక్టు. కాలేజీలో స్టీరియో మైక్రోస్కోపు 45 రెట్ల దాకా జూమ్ అవుతుంది గానీ వేరు పెడితే కణాలు కనపడట్లేదు, పైగా ఫోటోలో ఒక పక్క క్లియర్‌గా, ఇంకో పక్క మసగ్గా వస్తోంది. పాడైందంటారా?

జవాబు: పాడవ్వలేదమ్మా. స్టీరియో అంటే రెండు కళ్లతో వస్తువుని ఉబ్బెత్తుగా చూపించే తక్కువ రెట్ల మైక్రోస్కోపు, మామూలు స్టీరియోలో 3, 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోయి కనిపిస్తాయి, ఎంత జూమ్ చేసినా అంతే. ఉల్లిపొర కణాలంటే పెద్దవి కాబట్టి దొరికిపోతాయి, వరి వేరు అలా కాదు, అందులోనూ కొయ్యకుండా పెడితే పైతొక్క తప్ప ఏం కనపడుతుంది చెప్పు?

క్యారెట్ ముక్కకి గాటు పెట్టి వేరు అందులో ఇరికించు, కొత్త బ్లేడు నీళ్లలో ముంచి వీలైనంత సన్నగా కొయ్యి. కొన దగ్గర ఒకటి, కొనకి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఇంకోటి. 0.05 శాతం టొలూయిడిన్ బ్లూ అనే రంగు ద్రావణంలో ఒక్క నిమిషం ఉంచి, కడిగి, కింద లైటు వేసి చూడు. కొన దగ్గర ముక్క నిండుగా ఉంటుంది, పైముక్కలో మాత్రం కార్టెక్స్ (పైతొక్కకీ నడి భాగానికీ మధ్య పొర) కణాలు చచ్చిపోయి గాలి గదులు ఏర్పడి, మధ్య గోడలు సైకిల్ చక్రం పుల్లల్లా మిగులుతాయి, బురదలో ఉన్న వేరుకి గాలి అందేది ఆ దారినే! నీ ప్రాజెక్టుకి ప్రాణం ఈ గదులే, వాటికి స్టీరియో బ్రహ్మాండంగా సరిపోతుంది. విడి కణం కావాలంటే అదే ముక్క స్లైడు మీద పెట్టి కాంపౌండ్ మైక్రోస్కోపులో (స్లైడ్లు చూసే మామూలుది) 400 రెట్లలో చూడు, రీసెర్చ్ ల్యాబుల్లో కూడా ముందు స్టీరియోలో చోటు వెతుక్కుని తర్వాతే ఎక్కువ రెట్లకి వెళ్తారు.

ఇక మసక సంగతి. మీది గ్రీనో రకం అయ్యుండాలి, కాలేజీల్లో ఎక్కువగా ఉండేవి అవే. దాంట్లో రెండు గొట్టాలూ ఏటవాలుగా ఉంటాయి, కెమెరా వాటిలో ఒకదాంట్లోంచే చూస్తుంది కాబట్టి ముక్క మొత్తం ఒకేసారి ఫోకస్‌లోకి రాదు. మసగ్గా ఉన్న పక్క కింద సన్నటి అట్టముక్క పెట్టి కొంచెం ఎత్తు, తగ్గకపోతే రెండో పక్క ఎత్తి చూడు. పచ్చి ఆకు, వేరు పైభాగం ఫోటో తీసేటప్పుడు మాత్రం లైటు పక్కనుంచి వాలుగా వెయ్యి, మెరుపు కొడుతుంటే ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టు, జూమ్ కంటే లైటే ముఖ్యం ఇక్కడ.

ఇంకోటి, అదే జూమ్‌లో స్టేజ్ మైక్రోమీటర్‌ది (సన్నటి కొలత గీతలు చెక్కిన స్లైడు) కూడా ఒక ఫోటో తీసి పెట్టుకో, అది ఉంటే ఫోటోల్లో కొలతలు తీసే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో (ఫ్రీగానే దొరుకుతుంది) గాలి గదులు వేరులో ఎంత శాతమో కొలవొచ్చు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం మీకు దగ్గరే కదా, స్వర్ణ 1982లో వచ్చింది అక్కణ్ణుంచే, మీ లెక్చరర్ గారితో ఉత్తరం రాయించుకుని ఆ కొలతలు పట్టుకుని వెళ్లి అక్కడివాళ్లని సలహా అడుగమ్మా.