కొత్త బేరింగులు వేశాక క్యామ్‌షాఫ్ట్ పట్టేస్తుంటే

మీ క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులను తెరిచే కడ్డీ, క్లుప్తంగా క్యామ్) మొదటి మూడు బేరింగుల్లో హాయిగా దూరి, నాలుగో దాంట్లో పట్టేస్తోందన్నారు కదా. ముందుగా ఒక మాట: సుత్తితో కొట్టి దింపొద్దు, గేర్ బోల్ట్‌తో లాగొద్దు. ఇప్పుడు చేత్తో తిరగనిది ఇంజన్ వేడెక్కితే వదులవుతుందనే ఆశ కూడా వద్దు.

కొన్ని ఇంజన్లలో జర్నల్ (క్యామ్ మీద బేరింగ్‌లో తిరిగే గుండ్రటి భాగం) సైజు ముందు నుంచి వెనక్కి తగ్గుతూ పోతుంది. అక్కడ బేరింగులు తారుమారయ్యాయేమో పార్ట్ నంబర్లు చూడండి. అది సరిగ్గానే ఉంటే నా అనుమానం బేరింగ్ అంచు మీదే. బేరింగ్‌ని లోపలికి దింపే డ్రైవర్ అనే పనిముట్టు కాస్త వంకరగా కూర్చుంటే చాలు, అంచు లోపలికి మడుచుకుంటుంది. గోరుతో చుట్టూ తడిమితే గరుకు తెలిసిపోతుంది.

తెలియకపోతే జర్నల్స్‌కి మార్కింగ్ బ్లూ (తగిలిన చోట అంటుకునే నీలం రంగు) పల్చగా పూసి, క్యామ్ దూర్చి, పోయినంత వరకు కొద్దిగా తిప్పి బయటికి తీయండి. బేరింగ్‌లో నీలం అంటిన చోటే ఎత్తుగా ఉన్నట్టు. అంతమేరకే బేరింగ్ స్క్రేపర్‌తో లేతగా గీకి, తుడిచి, మళ్లీ చూడండి. ఓపిక పట్టాల్సిన పని ఇది. ఎమరీ పేపర్ జోలికి పోకండి, ఆ రవ్వ మెత్తటి లోహంలో దిగబడి తర్వాత జర్నల్‌ని అరగదీస్తుంది.

నీలం ప్రతి బేరింగ్‌లోనూ అంటుతుంటే, క్యామ్‌ని వీ బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి తిప్పుతూ, డయల్ గేజ్‌తో (సన్నటి తేడానూ ముల్లుతో చూపే కొలత పరికరంతో) వంపు చూడండి. వంగిందైతే గీకి లాభం లేదు. చివరగా, బేరింగుల ఆయిల్ రంధ్రాలు ఇంజన్ బ్లాక్ రంధ్రాలకు ఎదురుగా ఉన్నాయో లేదో సన్నటి తీగ దూర్చి చూసుకోండి.