మురుగు బురదలోని బ్యాక్టీరియా నుంచి ప్లాస్టిక్‌ను క్లోరోఫాం లేకుండా తీయవచ్చా?

తీయవచ్చు, అయితే ఏ ద్రావణిని వాడతామన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపు వేడి చేస్తామన్నదీ అంతే ముఖ్యం. మురుగునీటి శుద్ధి కేంద్రంలోని బురదకు కాసేపు కొవ్వు ఆమ్లాలను సమృద్ధిగా అందించి, ఆపై ఆకలికి వదిలేస్తూ పోతే, తిండి దొరికినప్పుడే దాచుకోగల బ్యాక్టీరియా అందులో క్రమంగా పైచేయి సాధిస్తాయి. అవి దాచుకునే నిల్వే పాలీహైడ్రాక్సీఆల్కనోయేట్ అనే పాలిస్టర్; మనం తీయాలనుకునే ప్లాస్టిక్ ఇదే. సూక్ష్మదర్శినిలో అది కణం నిండా మెరిసే గుండ్రని రేణువులుగా కనిపిస్తుంది.

ఆ రేణువులను బయటికి తీయడమే అసలు కష్టం. క్లోరోఫాం వాటిని చక్కగా కరిగిస్తుంది గాని, అది క్యాన్సర్ కారకమన్న అనుమానమున్న విషద్రవం. పర్యావరణం కోసం చేసే ప్లాస్టిక్‌కు దాన్ని వాడటం నాకు సమ్మతం కాదు. దాని స్థానంలో డైమిథైల్ కార్బొనేట్ బాగా పనికొస్తుంది: ఎండబెట్టి పొడిచేసిన బురదను దానిలో కలిపి, అది మరిగే 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచి, వేడిగానే వడగట్టి, ద్రావణిని ఆవిరిచేసి మళ్లీ పట్టుకుంటే, పాత్ర అడుగున ప్లాస్టిక్ పలుచని పొరలా మిగులుతుంది. బ్యూటనాల్ అనే ఆల్కహాల్ తీరు వేరు. మూసిన పాత్రలో 120 డిగ్రీలకు పైగా వేడిచేస్తే పాలిమర్‌ను కరిగించుకుంటుంది, చల్లారితే జావ గడ్డకట్టినట్టు జెల్‌గా మారుతుంది కనుక పిండి వేరుచేయవచ్చు.

వేడి మితిమీరితే పాలిమర్ గొలుసులు, అంటే ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువులు, తెగి ప్లాస్టిక్ పెళుసవుతుంది. గట్టి కణాలను ముందుగా హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ రసాయనంతో పగలగొడితే దిగుబడి పెరగవచ్చు గాని, అదీ గొలుసులను తెంపుతుంది. డైమిథైల్ కార్బొనేట్ త్వరగా నిప్పంటుకునే ద్రవం కాబట్టి మంట దగ్గర వాడకూడదు.