కోళ్ళగూడు కట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, గుంటూరు నుంచి పెద్దమ్మ దీవెనలు.

ఇబ్రహీంపట్నంలో మీ కొత్త ఇంటి పెరట్లో నాటుకోళ్ళు పెంచబోతున్నావని విని చాలా సంతోషించాను. వెనకే కొండపల్లి అడవి ఉంది, ఎలుగుబంటి గానీ చిరుత గానీ వస్తే ఏం చేయాలని అడిగావు. మాచర్ల దగ్గర మీ అత్తగారి తోటలోనూ కోళ్ళున్నాయి కదా. అక్కడి జాగ్రత్తలు వేరు. అందుకే రెండు చోట్లకూ కలిపి రాస్తున్నాను. ఆవిడకూ చదివి వినిపించు.

పెద్ద జంతువుల భయంతో చిన్నవాటిని మరచిపోవద్దు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెరటికోళ్ళు ఎక్కువగా పోయేది వీధికుక్కలకు, ముంగిసలకు, అడవిపిల్లులకు, చెట్లెక్కే పునుగుపిల్లి జాతి మానుపిల్లులకు. ఏది వచ్చిందో తెలియకుండా గూడు బాగుచేయిస్తే డబ్బు దండగ. ఒక కోడి పోయిందంటే ముందు ఆనవాళ్ళు చూడు. నాలుగైదు కోళ్ళు కరవబడి, తినకుండా అక్కడక్కడా పడి ఉంటే అది కుక్కల పని. ఒకే కోడి మాయమై, ఈకలు కంచె దాకా రాలి ఉంటే అడవిపిల్లో నక్కో ఎత్తుకుపోయింది. గూటి తలుపు వేసినట్టే ఉండి, లోపల కోడి తల లేకుండా పడి ఉంటే జాలీ సందులోంచి మానుపిల్లి పంజా పెట్టి లాగిందన్నమాట. మిట్టమధ్యాహ్నం కోడిపిల్లలు తగ్గిపోతుంటే ముంగిసనూ గద్దనూ అనుమానించు. ముంగిస పగలే తిరుగుతుంది. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము. గూటి అడుగున కన్నం ఉండి, రాత్రిపూట పిల్లలు పోతే పందికొక్కు.

ఇక గూడు. హార్డ్‌వేర్ షాపులో కోళ్ళ జాలీ అని అడిగితే ఆరు మూలల కళ్ళున్న సన్నతీగ జాలీ ఇస్తారు. దయచేసి అది కొనవద్దు. అది కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. పంటితో పట్టి రెండుసార్లు గుంజితే మెలి విడిపోతుంది. అరంగుళం కళ్ళున్న వెల్డ్‌మెష్, అంటే తీగలను వెల్డింగు చేసి అతికిన గట్టి జాలీ, తీసుకో. ఖరీదు ఎక్కువే, కానీ పంజా దూరదు, పెద్ద పాము కూడా దూరదు. దాన్ని ఉత్త మేకులతో కొట్టి వదిలేస్తారు పనివాళ్ళు. అలా ఊరుకోకు. జాలీ అంచు మీద చెక్కబద్ద పెట్టి, బద్దతో సహా స్క్రూలు బిగించమని దగ్గరుండి చేయించు. పైన రేకులకూ గోడకూ మధ్య వదిలే సందును అందరూ మరచిపోతారు. మానుపిల్లి వచ్చేది అక్కడి నుంచే. ఆ సందును ఇటుకతో మూయకు, జాలీతోనే మూయించు. మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్ళే ఊళ్ళో గాలి ఆడకపోతే ఏ జంతువూ రాకుండానే కోళ్ళు చచ్చిపోతాయి.

గూటి అడుగు గురించి గట్టిగా చెబుతున్నాను. కుక్క గానీ నక్క గానీ సరిగ్గా గోడ మొదట్లోనే తవ్వుతుంది. ముక్కు గోడకు ఆనించి, ముందుకాళ్ళతో మట్టిని వెనక్కి చిమ్ముతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. కాబట్టి జాలీని అడుగు లోతున పాతిపెట్టు. కొండ పక్క నేల కనుక రాయి తగిలి తవ్వలేకపోతే, జాలీని గోడ మొదటి నుంచి బయటివైపు రెండడుగుల మేర నేల మీద పరిచి, గోడకు బిగించి, పైన బరువైన రాళ్ళు పెట్టు.

కోడిపిల్లలు తిరిగే చోట పైన పాత చేపలవల కట్టు, గద్ద దిగదు. వల నేలకు వేలాడకూడదు, పాములు చిక్కుకుంటాయి. గుడ్లు సాయంత్రానికల్లా తీసెయ్యి.

ఎంత మంచి గూడైనా తలుపు వేయకపోతే లేనట్టే. గడియారం చూసి కోళ్ళను కమ్మవద్దు, వెలుతురు చూసి కమ్ము. డిసెంబరులో మన దగ్గర 5.40 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది, జూన్‌లో 6.45 దాకా ఉంటుంది. కోళ్ళు వాటంతట అవే గూటికి చేరతాయి, చీకట్లో వాటికి సరిగ్గా కనిపించదు. నువ్వు లెక్కపెట్టి, గొళ్ళెం వేసి, దానికి కొక్కెం కూడా తగిలించాలి. ఉత్త గడియను కుక్క మూతితో ఎత్తేస్తుంది.

మాచర్ల సంగతి వేరు. అది నల్లమల అంచు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఆ వైపు కూడా ఉంది. ఎలుగుబంట్లూ చిరుతలూ నిజంగానే ఉన్నాయి. అయితే ఎలుగుబంటికి ప్రధాన ఆహారం చెదలు, చీమలు, తేనె, పళ్ళు. కోడి కోసం ప్రత్యేకంగా రాదు, వాసన పట్టి వస్తుంది. దాని ముక్కు చాలా చురుకు. నూకలు, తౌడు, బెల్లం, ఎంగిలి మెతుకులు రాత్రిపూట బయట ఉంచవద్దని అత్తగారికి చెప్పు. దాణా మూత బిగుతుగా ఉన్న ఇనుప డ్రమ్ములో పోసి ఇంట్లో పెట్టుకోవాలి. రాలిన సీతాఫలాలు, రేగిపళ్ళు ఎప్పటికప్పుడు ఏరేయాలి. గూటి దగ్గర చెదలపుట్ట ఉంటే తీయించాలి. పుట్టలు తవ్వే ఆ గోళ్ళ ముందు తడకా నిలవదు, మట్టిగోడా నిలవదు. గూటిని ఇంటికి ఆనుకునే, సిమెంటు గోడతో కట్టాలి. చిరుత తిరిగే చోట పైకప్పు తప్పనిసరి. కాపలా అని కుక్కను బయట గొలుసుతో కట్టేయకూడదు. చిరుతకు కుక్క ఇష్టమైన వేట.

తోట చుట్టూ సోలార్ కంచె వేయించుకోవచ్చు. అది ఆగి ఆగి షాక్ ఇచ్చి బెదరగొడుతుంది, ప్రాణం తీయదు. ఇంటి కరెంటును నేరుగా తీగకు ఇచ్చేవాళ్ళ మాట మాత్రం వినవద్దు. ఆ తీగలకు మనుషులే బలైపోతున్నారు, పైగా అది నేరం. విషం పెట్టడం, ఉచ్చులు పన్నడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. ముంగిసకూ ఆ చట్టం వర్తిస్తుంది.

రాత్రి గూటి దగ్గర అలికిడైతే ఎవరూ ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు. ఎలుగుబంటికి చూపు మందం. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది, ముఖం మీదే గోళ్ళు వేస్తుంది. లోపలి నుంచే లైట్లు వేసి, పళ్ళెం మోగించి, అటవీశాఖ వాళ్ళకు ఫోను చేయాలి. పోయిన కోడి పోయిందనుకోమను. ఈ మాట మీ మామగారికి రెండుసార్లు చెప్పు, ఆయన కర్ర పట్టుకుని బయలుదేరే మనిషి.

జాలీ కొనేముందు గూటి పొడవు, వెడల్పు, ఎత్తు రాసి నాకు పంపు. కింద పరిచే రెండడుగుల అంచుతో కలిపి ఎంత పడుతుందో లెక్కకట్టి చెబుతాను.

మీ పెద్దమ్మ